బానెట్ చాటు మాటలు

ఆగస్టు 12

సుధాకర్ ఫోన్ చేశాడు. అత్తయ్య తమ్ముడి కొడుకు. బిందు సంవత్సరీకం అయిపోగానే మేనత్తను కోవూరు తీసుకుపోతామన్నాడు. మేడమీద గదికి రంగు వేయించారట.

మంచిదే అన్నాను. మంచిదే మరి. కూతురు లేని ఇంట్లో, అల్లుడొక్కడే ఉన్న ఇంట్లో ఆమె ఎంతకాలమని ఉంటుంది. మాట్లాడే దిక్కు కూడా లేదు.

పొద్దున పేరమ్మ పట్టపుపాళెం నుంచి చేపలు తెచ్చినప్పుడు అత్తయ్య జవాబు వచ్చింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. అత్తయ్య వంటగది తలుపు వెనక. మధ్యలో పేరమ్మ, కత్తిపీట ముందు.

“పేరమ్మా, నేను కోవూరు పోయేదయితే బిందు కారులోనే పోతానని చెప్పు. సుధాకర్ బండి వద్దు.”

పేరమ్మ పొలుసు గీకుతూ తలెత్తలేదు. “సారూ, ఇన్నారు గదా.”

“ఆ కారు కదిలి ఏడాది కావస్తోందని చెప్పు.”

“అమ్మా, ఇన్నావు గదా.”

“బాగు చేయించమను.”

“నన్నేమన్నా మైకు అనుకున్నారా ఇద్దురూ? ఈ మనిషి ఈడ, ఆ మనిషి ఆడ. చేయి చాపితే తగలతారు. నా మడవ చేప ఎండిపోతా ఉండాది.”

అత్తయ్య అల్లుడి ముఖం చూసి మాట్లాడదు. వాళ్ళవైపు ఆచారం. మామయ్య పోయాక ఆమె ఇక్కడికి వచ్చింది. ఆరేళ్ళయింది. బిందు ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం ఆమె నోటి మీదుగానే మాట్లాడుకున్నాం. ఇప్పుడు పేరమ్మ నోటి మీదుగా. పేరమ్మ వెళ్ళిపోయాక ఆమె గోడతో చెబుతుంది, నేను వింటాను. నేను పేపరుతో చెబుతాను, ఆమె వింటుంది.

ఆగస్టు 13

కొత్త బ్యాటరీ వేయించాను. కారు లేచింది. నిలబడి జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. కోట బస్టాండు దాకా పోయి వచ్చాను. లాగడం లేదు. రొయ్యల మేత వేసుకున్న ఆటో దాటిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యం, తుమ్మడం లేదు.

ఆగస్టు 14

బిందు కారు తుమ్మేది. చిట్టమూరు హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. పిల్లలు వెనకాల తుమ్ముల టీచరనేవాళ్ళు. కొన్నప్పుడు ఆ టర్బో బండికి ఆ శబ్దం లేదు. గూడూరు పోయి, మస్తాన్ షాపులో బ్లో-ఆఫ్ వాల్వు పెట్టించుకుని వచ్చింది. కుర్రవాళ్ళు పెట్టించుకునేది. ఇదెందుకు అని అడిగితే, “వేగం తగ్గేటప్పుడు కూడా సంతోషంగా ఉండాలి సార్,” అంది. నన్ను సార్ అనేది. ఎగతాళికి మొదలుపెట్టింది, అదే నిలిచిపోయింది.

అత్తయ్య మొదటిసారి ఆ కారెక్కిన రోజు వీధి మలుపులోనే అది తుమ్మింది. “తుమ్మింది! ఆపు! కాసేపు కూర్చోని పోదాం,” అని ఆమె పట్టు. ఒంటి తుమ్ము చెడ్డది, జంట తుమ్ము మంచిది. ఇక అప్పటినుంచి బిందు బయల్దేరే ముందే యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి రెండుసార్లు వదిలేది. ఛిస్. ఛిస్. “శుభం అమ్మా, ఇక పోవచ్చు.”

ఈరోజు బానెట్ తీసి చూశాను. వాల్వు నెత్తి మీద నుంచి ఇంజన్‌లోకి పోయే సన్నటి నల్ల రబ్బరు గొట్టం. ఎలుక కొరికింది.

రాసుకుంటే నాకు అర్థమవుతుంది. టర్బో గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. కాలు తీయగానే ఇంజన్ తన గాలి తలుపు మూసుకుంటుంది. అప్పటికే తోసుకొచ్చిన గాలికి దారి ఉండదు. దాన్ని బయటికి వదిలే పక్క తలుపు ఈ వాల్వు. అది ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ఆ సన్న గొట్టం. ఇంజన్ లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ గొట్టం ఊదుతుంది, వాల్వు మూసి ఉంటుంది. కాలు తీస్తే లోపల శూన్యం. గొట్టం పీలుస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. తుమ్ము.

గొట్టం తెగితే లోపలి సంగతి వాల్వుకు తెలియదు. అంతే.

అత్తయ్య గోడతో: “ఎలుక కొరికిందంట. ఊళ్ళో ఇన్ని కార్లుంటే ఎలుక్కి కూడా మా బిందు కారే కావాల్సొచ్చింది.”

ఆగస్టు 15

సెలవు. ల్యాబు మూసేశాను. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో మరేమున్నా లేకున్నా గాలి ట్యూబు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ తొట్లలోకి గాలి పంపేది అదే. నా ఉద్యోగమంతా గాలిని ట్యూబుల్లో పంపడమే. ఆ ట్యూబే ఒక ముక్క కోసి వేశాను. టర్బో ఒత్తిడి చూపించే బూస్టు మీటరుకు కూడా అందులోంచే ఒక టీ జాయింటు పెట్టి కలిపాను. తొట్లకు కలిపినట్టే. దీనికి మస్తాన్ ఎందుకు.

ఆగస్టు 17

వణుకు పోయింది. లాగుతోంది. తుమ్ము లేదు. కాలు తీసినప్పుడల్లా బానెట్ కింద పావురాల గుంపు. కుకుకుకుకు.

అత్తయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాళెం రోడ్డు దాకా పోయి వచ్చాను. పోయేటప్పుడు మాట లేదు. వచ్చేటప్పుడు లేదు. ఇంటికి రాగానే పేరమ్మ దొరికింది.

“మా బిందు కారు తుమ్మేది పేరమ్మా. ఇది పకపకా నవ్వతా ఉంది. ఎందుకో కనుక్కోమను.”

“సారూ, మీరు తోలతా ఉంటే కారుకి నవ్వొస్తా ఉండాదంట.”

“ఆమె అట్లా అనలేదు.”

“అన్నట్టే లెండి.”

ఆగస్టు 18

మస్తాన్‌కు ఫోన్ చేయలేదు.

ఆగస్టు 19

మస్తాన్‌కు ఫోన్ చేశాను.

“అన్నా! మేడం బండి ఇంకా ఉండాదా? అమ్మేసినారనుకున్నా.”

“ఉంది. తుమ్మడం లేదు. పావురం మాదిరి కూస్తోంది. వాక్యూమ్ గొట్టం మార్చాను.”

“ఏ గొట్టం వేసినారు?”

“మంచి గొట్టమే.”

“అయితే స్ప్రింగు పోయింటాది. కాదంటే లోపల డయాఫ్రం చినిగింటాది. వాల్వే మార్చేద్దాం తెండి.”

“ఆ వాల్వు మార్చను.”

“సరే అన్నా,” అన్నాడు. “అయితే ఒక పని చేయండి. ఒకరు లోపల కూర్చోని యాక్సిలరేటర్ తొక్కి టక్కున వదలాల. ఒకరు బానెట్ తీసి కన్నార్పకుండా చూడాల. ఇద్దురు మనుషుల పని. మీకే తెలిసిపోతాది.”

పెట్టేసే ముందు అన్నాడు: “మేడం అయితే ఫోన్లోనే చేసి చూపిచ్చేది అన్నా. ‘మస్తాన్, నువ్వు పెట్టింది బాగలా, ఇట్ట రావాల’ అని ఛిస్స్ మని. స్పీకర్ పెట్టి షాపంతా వినేవాళ్ళం.”

ఈ సంగతి నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాక నేనూ చేసి చూశాను. రాలేదు.

ఆగస్టు 20

రెండో మనిషి ఎక్కడ. పేరమ్మను బతిమాలి కూర్చోబెట్టాను. తొక్కమంటే తొక్కింది. వదలమంటే వదల్లేదు. ఇంజన్ కేకలు పెట్టింది. పేరమ్మ ఇంకా గట్టిగా పెట్టింది. చివరకు కాలు తీసే బదులు మనిషే దిగి గేటు దాకా పరిగెత్తింది.

“తుఫానులో పడవలో ఉన్నా ఇంత బయపళ్ళా. చేపలడగండి సారూ, ఎన్నయినా తెస్తా. ఇది మాత్రం అడగబాకండి.”

ఆగస్టు 21

సాయంత్రం మళ్ళీ బానెట్ తీసి నిలబడ్డాను. చేయగలిగింది ఏమీ లేదు. ఊరికే చూస్తున్నాను.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. సీటు ముందుకు జరిగిన చప్పుడు. పక్కకు వంగి చూడబోయాను.

“అక్కడే ఉండండి.”

అత్తయ్య గొంతు. పేరమ్మ లేదు. గోడ దూరంగా ఉంది.

“ఏది తొక్కాల?”

బానెట్ ఎత్తి ఉంటే డ్రైవరు సీట్లో మనిషికి ఇంజన్ ముందున్న మనిషి కనపడడు. ఇటువాళ్ళకు అటు కనపడదు. వంటగది తలుపుకన్నా గట్టి చాటు. ఆమె అది చూసుకునే వచ్చిందని నాకు తర్వాత తట్టింది.

“కుడివైపుది. మెల్లగా.”

తొక్కింది. మెల్లగా కాదు.

“వదలండి!”

వదిలింది. టక్కున. అచ్చం బిందు వదిలినట్టు.

చూశాను. అయిపోయిన కూల్‌డ్రింకును పిల్లలు ఇంకా పీలుస్తుంటే స్ట్రా ఏమవుతుందో నా ట్యూబు అదే అయింది. చప్పబడి రెండు గోడలూ అతుక్కుపోయాయి. ఇంజన్ వేడికి మెత్తబడి ఉంది. ఊదితే నిలబడుతుంది. పీలిస్తే నిలబడదు. హేచరీలో మేము గాలి ఊదడమే తప్ప పీల్చడం ఉండదు. ఆ ఆలోచనే రాలేదు నాకు. ఇంజన్ పీలుస్తోంది, ఆ కబురు వాల్వు దాకా పోవడం లేదు. పావురాలు అందుకే.

“ఏమైంది?” అంది.

“గొట్టం తప్పు వేశాను. రొయ్యల తొట్టిది.”

తర్వాత కారు ఊగడం మొదలైంది. అప్పటికి ఇంజన్ కట్టేసింది. కాసేపటికి అర్థమైంది, లోపల ఆమె నవ్వుతోంది. చప్పుడు చేయకుండా, బండి అంతా కదిలేట్టు.

“రొయ్యలు బాగానే ఉన్నాయా దాంతో?” అంది కడకు.

“రొయ్యలకు ఇబ్బంది లేదు.”

నేను కూడా నవ్వాను. రేడియేటర్ మీద చేయి పెట్టుకుని మరీ. చేయి కాలింది.

“ఆ ఎండలో నిలబడి ఏమన్నా తిన్నారో లేదో,” అంది. “కాకరకాయ పులుసు రేపు చేస్తాలెండి. ఈరోజు కాయలు రాలా.”

“వద్దులెండి.”

“మీకు ప్రాణం గదా.”

“నాకా?”

“వారానికి రెండుసార్లు లేకపోతే మీరు కంచం ముందు కూర్చోరని చెప్పిందే బిందు! ఆరేళ్ళుగా చేస్తా ఉండా. నాకా వాసనే పడదు, ముక్కు మూసుకోని చేస్తా.”

మొదటిసారి తిన్ననాడు నేను బిందుతో అన్నమాట నాకు బాగా గుర్తుంది. ‘ఈ పులుసు ఇంకోసారి చేయొద్దని అమ్మకు చెప్పు. నొచ్చుకోకుండా చెప్పు.’ అదే చెప్పాను ఆమెకు.



“అయితే ఆ టీవీ వార్తలు?” అంది మెల్లగా.

“మీకు వార్తలంటే ఇష్టమని బిందు...”

“నాకా! ఆ అరుపులకు చెవుల్లో దూది పెట్టుకోని పడుకుంటా ఉన్నా! సౌండు తగ్గించమని చెప్పవే అని ఎన్నిసార్లు చెప్పి పంపినానో.”

“పెంచమన్నారని చెప్పింది. సరిగా వినపడటం లేదన్నారని.”

“నా చెవులకేమొచ్చింది!”

తగ్గించమన్నారని తెలిస్తే నేను టీవీయే కట్టేస్తానని బిందుకు తెలుసు. ఇంకేమీ చూడని మనిషినని కూడా తెలుసు.

ఒకటొకటే బయటికి వచ్చాయి.

“మరి మీరు తెచ్చిన నేరేడు రంగు చీర?”

“నేను చీర తేలేదు.”

“ఉగాదికి, మీ చేత్తో ఏరినారని...”

“నాకు ఆ రంగు పేరు కూడా తెలియదు. మరి మీరు ఇచ్చిన వాచీ?”

“నేనెక్కడ వాచీ కొనేది? నేను కోట సెంటరుకే పోను.”

చేతికే ఉంది. చూసుకున్నాను. టైము సరిగ్గానే చూపిస్తోంది.

లెక్కల టీచరు. రెండువైపులా సమానం చేసి పెట్టింది.

చీకటి పడుతుంటే ఆమె దిగింది. లోపలికి పోయిన అడుగుల చప్పుడు ఆగేదాకా బానెట్ దించలేదు.

ఆగస్టు 23

నిన్న గూడూరు పోయి మందపాటి సిలికాన్ గొట్టం తెచ్చాను. నేను వేసిన ట్యూబు చూసి మస్తాన్ షాపులో వాళ్ళను పిలిచి మరీ చూపించాడు. “వాల్వు మారుద్దామన్నావు గదా నువ్వు,” అన్నాను. నవ్వు ఆపాడు. కాసేపే.

ఈరోజు వేశాను. టీ జాయింటు తీసేశాను. హేచరీలో ఒకే లైనుకు తొట్టి తర్వాత తొట్టి కలుపుకుంటూ పోతే ఆఖరు తొట్టికి నాలుగు బుడగలు రావు. ఇది తెలిసీ వాల్వుకు పోయే లైన్లో మీటరును కలిపాను. మీటరుకు వేరే దారి ఇచ్చాను. ఇప్పుడు ఇంజన్‌కూ వాల్వుకూ మధ్య ఎవరూ లేరు.

సాయంత్రం అత్తయ్య వచ్చి సీట్లో కూర్చుంది. పిలవలేదు. తొక్కింది. వదిలింది.

ఛిస్.

చిన్నదే. నిలబడిన బండికి అంతే వస్తుంది. రోడ్డు మీద పోతేనే అసలుది.

“ఇంకోటి,” అని తనకు తనే చెప్పుకుని తొక్కింది.

ఛిస్.

ఆమె వెంటనే దిగలేదు, నేను బానెట్ దించలేదు. కారు బాగయింది.

ఆగస్టు 24

గొట్టం బిగించిన క్లిప్పులు ఒకసారి చూడాలి. సాయంత్రం చూశాం.

ఆగస్టు 25

క్లిప్పులు.

ఆగస్టు 28

ఇంజన్ వేడెక్కాక క్లిప్పు వదులవుతుందేమోనని అనుమానం. వదులు కాలేదు. అది తేలేసరికి దీపాలు పెట్టే వేళయింది.

బిందు ట్రాక్టర్ నేర్చుకున్న సంగతి చెప్పింది అత్తయ్య. కోవూరులో పదమూడేళ్ళ పిల్ల. మడి దున్నుతున్న మనిషి భోజనానికి పోతే, ఎక్కి నడిపి కాలవలో దించింది. మామయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏమందో తెలుసా మీకు? ‘నేను సక్కంగానే పోతా ఉన్నా నాయనా, కాలవే అడ్డమొచ్చింది’ అంది. మీ మామయ్య కర్ర ఎత్తినోడు నవ్వి కూలబడ్డాడు. ఇక ఆ పిల్లని కొట్టేదెట్ట?”

“నాకు వేరే విధంగా చెప్పింది. మామయ్యే తోలి దించాడని.”

“అట్టనా! చచ్చిపోయినోడి మీద తోసిందా! బతికుంటే ఇప్పుడు నవ్వేవాడు మళ్ళా.”

పేరమ్మ రొయ్యలు ఇచ్చి పోతూ మా వైపు ఒక చూపు చూసింది.

“ఇంకా కాలేదా సారూ రిపేరు?”

“కొంచెం ఉంది.”

“ఉంటాదిలే. మీ రిపేరు మలుపు దాకా ఇనబడతా ఉండాది. నా మైకు ఉద్యోగం పోయినట్టే.”

ఆగస్టు 30

సుధాకర్ ఫోన్. కారు బాగయిందా అని. కొంచెం ఉందన్నాను. అబద్ధం కాదు. ఏ బండికైనా కొంచెం ఉంటుంది.

సెప్టెంబరు 2

ఈరోజు ఆమె తొక్కలేదు. కూర్చుంది. నేను గొట్టం తుడుస్తున్నాను. శుభ్రంగానే ఉంది.

“ఒక మాట అడగాల,” అంది.

“అడగండి.”

“బిందు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా చేయి పట్టుకోని చెప్పింది. ‘నాకేమన్నా అయితే నువ్వు ఎక్కడికీ పోవద్దమ్మా. నువ్వు ఈ ఇంట్లోనే ఉండాలని ఆయన గట్టిగా చెప్పినాడు’ అని. అన్నీ కల్పించింది గదా ఆ పిల్ల. ఈ మాట మీరన్నారా, ఇదీ కల్పనేనా?”

నేను ఆ మాట అనలేదు. ఆస్పత్రిలో నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. ‘ఏమన్నా అయితే’ అన్నదాన్ని నా దగ్గరికే రానివ్వలేదు.

“స్క్రూడ్రైవర్ కింద పడింది,” అన్నాను.

ఆమె ఆగింది. నేను వంగి వెతికాను. స్క్రూడ్రైవర్ నా జేబులో ఉంది.

“ఊఁ,” అంది. తలుపు చప్పుడు.

సెప్టెంబరు 3

బానెట్ తీసి నిలబడ్డాను. దోమలు.

సెప్టెంబరు 4

“పేరమ్మా, కారు బాగయిందని సుధాకర్‌కి నేనే ఫోన్ చేసినానని చెప్పు. ఆదివారం పొద్దున బయల్దేరాలని చెప్పు.”

పేరమ్మ నా వైపు తిరిగింది. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఏమీ అనలేదు. ఆమె అంత మర్యాదగా ఉంటే భరించడం కష్టం.

సెప్టెంబరు 5

సంవత్సరీకం. సుధాకర్ వాళ్ళు వచ్చి, భోజనాలయ్యాక వెళ్ళారు.

తిథి టీచర్ల దినం నాడే వచ్చింది. చిట్టమూరు స్కూలు పిల్లలు కొందరు సాయంత్రం ఆటోలో వచ్చారు. ఫోటోకు దండం పెట్టారు. వడలు తిన్నారు. పోతూ పోతూ కారు దగ్గర గుంపుగా ఆగిపోయారు. ఒక పిల్ల ధైర్యం చేసింది. “సార్, ఒక్కసారి తుమ్మించండి సార్.”

ఈరోజు తగునా అనుకున్నాను. తుమ్మించాను. రెండుసార్లు. చప్పట్లు కొట్టి, ఈలలు వేసి, వీధి అంతా గోల చేశారు. వంటగది కిటికీలో అత్తయ్య కొంగు కనపడింది, తర్వాత కనపడలేదు.

సెప్టెంబరు 6

వరండాలో రెండు పెట్టెలు. రేపు పొద్దున.

మంచిదే. తమ్ముడు, మరదలు, పిల్లలు. నాలుగు గొంతులు వినపడే ఇల్లు. మంచిదే.

రెండుసార్లు రాశాను. ఉండనీ.

సెప్టెంబరు 7

ఆమె వెనక సీట్లో, ఎడమవైపు. బయల్దేరే ముందు రెండుసార్లు తొక్కి వదిలాను. గూడూరు దాకా ఒక్క మాట లేదు. బానెట్ మూసి ఉంది మరి.

హైవే ఎక్కాం. కుడివైపు అందరూ దాటిపోతున్నారు. కారు తుమ్మలేదు. తుమ్మాలంటే ముందు గట్టిగా తొక్కాలి. నేను జీవితంలో దేన్నీ గట్టిగా తొక్కిన మనిషిని కాను.

నెల్లూరు దాటి పెన్నా వంతెన ఎక్కాం. కింద నీళ్ళు బాగానే ఉన్నాయి. వంతెన నడిమధ్యలో అన్నాను. అద్దంలోకి చూడలేదు. రోడ్డుకు చెప్పాను, గోడకు చెప్పినట్టు.

“ఆ మాట నేను అనలేదు.”

ఒక బస్సు దాటిపోయింది.

“ఆస్పత్రిలో నేనేమీ అనలేదు. అది కూడా బిందు కల్పించిందే.”

“తెలుసు,” అంది. “మొన్న మీరు ఊరికే ఊఁ అన్నా చాలుననుకున్నా. మీకు అబద్ధం చేతగాదు గదా. స్క్రూడ్రైవరంట.”

“అత్తయ్యా.”

ఆ పిలుపు ఆమెకు వినపడేట్టు నేను పిలవడం అదే మొదలు.

“అప్పుడు అనలేదు. ఇప్పుడు అంటున్నాను. నా నోటితో. ఎక్కడికీ పోవద్దు. ఉండండి.”

వంతెన అయిపోయింది. కోవూరు బోర్డు వచ్చింది, బాణం గుర్తుతో. చేయి దానంతటదే ఇండికేటరు వేసింది. టక్ టక్ టక్ టక్.

“ఏందా చప్పుడు?” అంది.

“కోవూరు మలుపు.”

“బాగలా. ఆపండి.”

ఇండికేటరు ఆపాను.

“తొక్కు నాయనా.”

తొక్కాను. కారు ఒక్క క్షణం ఆలోచించి ముందుకు దూకింది. నా వీపు సీటుకు అతుక్కుంది. స్పీడు ముల్లు ఎక్కడిదాకా పోయిందో ఇక్కడ రాయను. ముందర లారీ. టక్కున కాలు తీశాను.

ఛిస్స్స్స్!

వెనక సీట్లో కేక. భయపడిన కేక కాదు. అరచేత్తో నా సీటు మీద ఒక్క దెబ్బ. “అదీ! అదీ మా బిందు కారు! మళ్ళా తొక్కు!”

మళ్ళీ తొక్కాను. లారీని దాటాక మళ్ళీ. రాజుపాలెం దాకా తొక్కుతూ వదులుతూ పోయాను. డెబ్బై దాటిన ఆడమనిషి ఆ విధంగా అరవగలదని తెలియదు. నేనూ అరిచానేమో. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, అద్దాలు దించి ఉన్నాయి, గాలి.

కావలిలో కాఫీకి ఆగినప్పుడు సుధాకర్ ఫోన్. స్పీకర్ పెట్టమంది.

“ఎక్కడున్నారు అత్తా? ఆకులేసి కూర్చోనుండాం.”

“కావలిలో.”

“కావలా! కోవూరు దాటిపోయినారు గదా! కారు బాగయిందన్నావే!”

“బాగయిందిరా. అందుకే ఆగలా.”

తిరుగుదారిలో కోవూరులో దిగి భోంచేశాం. మేడమీద గది చూపించారు. లేత పచ్చ రంగు. “బాగుందిరా సుధాకర్. మంచి గాలి. ఎవరన్నా మాస్టరుకు అద్దెకిచ్చుకో,” అంది. సుధాకర్ పెట్టెల కోసం డిక్కీ దగ్గరికి పోయినప్పుడల్లా ఆమె కేకేసి నాకు నెయ్యి వేయమంది. నా విస్తట్లో నెయ్యి మడుగు కట్టింది. మూడోసారికి అతనికి అర్థమైంది. నవ్వాడు. “సరేలే అత్తా,” అన్నాడు, డిక్కీ మూసి.

వచ్చేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుంది. వెనక పెట్టెలు కదులుతున్నాయి, ఒకరు పట్టుకోవాలి అని మొదట వెనక కూర్చోబోయింది. పెట్టెలు డిక్కీలో ఉన్నాయి కదా అన్నాను.

“అవును గదా,” అని ముందుకు వచ్చింది.

సెప్టెంబరు 9

అత్తయ్యకూ నాకూ మొదటి పోట్లాట. ముఖాముఖి. ఫ్రిజ్ ముందు.

ఇడ్లీ పిండి పక్కన నా సీసాలు ఉండకూడదంటుంది. అవి చెరువుల శాంపిళ్ళు, చల్లగా ఉండకపోతే పరీక్షకు పనికిరావు అన్నాను. “రొయ్యలు కడుక్కున్న నీళ్ళు పిండి పక్కన పెడతారా ఎవరన్నా? చదువుకున్నోళ్ళేనా?” అంది. ఆరేళ్ళు అక్కడే ఉన్నాయి కదా అన్నాను. “ఆరేళ్ళుగా చెప్తానే ఉండా!” అంది. నాకు చేరలేదన్నాను. చేరకపోతే ఇప్పుడు చేర్చుకోమంది. గొంతు పెంచాను. ఆమె ఇంకా పెంచింది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూశారు.

మధ్యలో సర్దిచెప్పే మనిషి లేదు. మేమే సర్దుకోవాల్సి వచ్చింది. చాలాసేపు పట్టింది.

పై అర పిండికి. కింది అర చెరువులకు.